ఇంట్లో ఒకరి మనసుకు జబ్బు చేస్తే

పిల్లలూ! మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఏమవుతుందో మీకు తెలుసు. అమ్మ నుదుటిమీద తడిగుడ్డ వేస్తుంది. నాన్న మందులషాపుకు పరుగెత్తుతాడు. పక్కింటివాళ్ళు బత్తాయిలు పట్టుకొని చూడటానికి వస్తారు. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి, "ఎట్లా ఉంది?" అని అడుగుతారు. జబ్బు పడింది ఒక్కరే అయినా, వీధి అంతా ఆ ఇంటికి తోడుగా నిలబడుతుంది.

కాని ఒక రకం జబ్బు ఉన్నది. ఆ జబ్బు వచ్చిన ఇంటికి బత్తాయిలు తీసుకుపోయేవాళ్ళు ఉండరు. "ఎట్లా ఉంది?" అని అడిగేవాళ్ళు ఉండరు. ఆ ఇంటివాళ్ళే తలుపు దగ్గరగా వేసుకొని, సంగతి బయటికి పొక్కకుండా చూసుకుంటారు. అది మనసుకు వచ్చే జబ్బు. దాన్ని గురించే ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

నేను ఉయ్యూరు ప్రాంతంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పంతులుగా పనిచేసి, హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి. నా సర్వీసులో ఎన్నో పాఠాలు చెప్పాను. కాని ఈ పాఠం నేను చెప్పింది కాదు. ఏడో తరగతి చదివే ఒక కుర్రవాడు నాకు చెప్పినది. ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఆ కుర్రవాడి పేరు మాత్రం చెప్పను.

చెరకు సీజను రోజులవి. మా ఊరి రోడ్లమీద చెరకు బళ్ళూ, ట్రాక్టర్లూ బారులు తీరి ఫ్యాక్టరీకి పోతూ ఉండేవి. ఈ కుర్రవాడు రోజూ రెండో పీరియడుకు గాని బడికి వచ్చేవాడు కాదు. హోంవర్కు చేసేవాడు కాదు. ఒకనాడు ప్రోగ్రెస్ కార్డు మీద వాళ్ళ అమ్మ సంతకం చూశాను. గుండ్రటి అక్షరాలు. నోట్సులో వీడు రాసే అక్షరాలే.

"ఎవరి సంతకంరా ఇది?" అని అడిగాను.

"మా అమ్మదండి," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. క్లాసు అందరి ముందూ, "దొంగ సంతకం చెయ్యటం కూడా నేర్చావా?" అని కేకలు వేసి, ఆ పీరియడంతా గుమ్మం దగ్గర నిలబెట్టాను. వాడు ఏడవలేదు. ఒక్క మాట కూడా అనలేదు. మర్నాటి నుంచి బడికి రావటం మానేశాడు.

వారం చూశాను, రెండు వారాలు చూశాను. చివరకు ఒక సాయంత్రం సైకిలు తీసుకొని, పుల్లేరు కాలువగట్టున ఉన్న వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

గుమ్మానికి నిమ్మకాయలూ, వేపమండలూ కట్టి ఉన్నవి. లోపల వాళ్ళ అమ్మ గోడవైపు తిరిగి కూర్చొని ఉన్నది. చేతికి రెండు మూడు తాయెత్తులున్నవి. ఆమె పెదవులు కదులుతున్నవి. అక్కడ లేని మనిషితో ఏదో మాట్లాడుతున్నది. అయిదేళ్ళ చెల్లెలు చిక్కుపడిన జుట్టుతో ఒక మూల కూర్చొని ఉన్నది. కుర్రవాడు పొయ్యి దగ్గర గంజి వారుస్తున్నాడు. వాళ్ళ నాన్న చెరకు నరికే ముఠాలో పని. తెల్లవారకముందే పోతాడు, పొద్దుపోయాక వస్తాడు.

నన్ను చూసి కుర్రవాడు గబగబా వాకిట్లోకి వచ్చాడు.

"మాస్టారండీ, మా అమ్మకు జరమేం లేదండి. ఎవరో తనతో మాట్లాడుతున్నారంటదండి. మాకెవ్వరికీ వినపడదండి. కార్డు మీద సంతకం పెట్టమంటే, కాగితానికి విషం పూశారని అవతల పారేసిందండి. అందుకని నేనే పెట్టానండి," అన్నాడు.

"ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెబితే పిచ్చిదాని కొడుకంటారండి."

కాసేపాగి, తల వంచుకొని, "నాకు లెక్కల్లో పన్నెండు మార్కులొచ్చిన రోజే మొదలయిందండి. నావల్లే వచ్చిందేమోనండి," అన్నాడు.

లెక్కలు చెప్పేది నేనే. ఆ మార్కులు వేసిందీ నేనే. ఆ గట్టుమీద నిలబడి నేను ఎంత సిగ్గుపడ్డానో మీకు చెప్పలేను. పన్నెండేళ్ళ పిల్లవాడు వంట చేస్తున్నాడు, చెల్లెల్ని చూసుకుంటున్నాడు, అమ్మకు కాపలా కాస్తున్నాడు, ఇంటి గుట్టు దాస్తున్నాడు. వీటన్నిటికీ తోడు, ఆ జబ్బు తనవల్లే వచ్చిందన్న బరువు కూడా మోస్తున్నాడు. నేనేమో వాణ్ణి దొంగను చేసి గుమ్మంలో నిలబెట్టాను!

వాడి మనసులో ఉన్న ఆ ప్రశ్నకు మొదట జవాబు చెప్పుకుందాం. మార్కులు తక్కువ వస్తే అమ్మకు అటువంటి జబ్బు వస్తుందా? రాదు. మరి ఎందుకు వస్తుంది?

మన తలలో ఉన్న మెదడు బరువు కిలోన్నర లోపే. కాని అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నవి. ఒక కణం ఇంకో కణానికి కబురు చెప్పాలంటే, ఆ రెంటి మధ్యా ఉన్న అతి సన్నని సందులోకి కొన్ని రసాయనాలను వదులుతుంది. మన ఆలోచనలూ, సంతోషమూ, భయమూ, నిద్రా అన్నీ ఈ కబుర్ల మీదనే నడుస్తున్నవి.

మీరు కృష్ణా డెల్టా పిల్లలు గనక మీకు తేలికగా తెలిసే పోలిక చెబుతాను. కృష్ణ నీరు ప్రకాశం బ్యారేజి దగ్గర బయలుదేరి పెద్ద కాలువల్లోకి, అక్కణ్ణించి పుల్లేరు వంటి చిన్న కాలువల్లోకి, వాటినుంచి బోదెల్లోకి, బోదెలోనుంచి మడిలోకి వస్తుంది గదా! దారిలో తూములూ, లాకులూ ఉన్నవి. ఒక తూము మరీ ఎక్కువగా తెరుచుకుంటే మడి మునుగుతుంది. మూసుకుపోతే ఎండుతుంది. అప్పుడు మనం వరి మొక్కను తిడతామా? తిట్టం. తూము సంగతి చూస్తాం. మెదడులో కబుర్లు నడిచే తీరు మారినప్పుడు కూడా ఇటువంటిదే జరుగుతుంది. లేని మాటలు వినపడవచ్చు. లేని భయాలు పట్టుకోవచ్చు. లేదా ఏ పనీ చెయ్యాలనిపించని దిగులు నెలల తరబడి కమ్ముకోవచ్చు.

అయితే మెదడు కాలువకంటె ఎన్నో వేల రెట్లు చిక్కయినది. ఒక్క తూము తిప్పితే అంతా సర్దుకుంటుందని అనుకోకూడదు. మానసిక జబ్బులకు కారణం ఒకటే ఉండదు. పుట్టుకతో వచ్చే లక్షణాలూ, పెద్ద దుఃఖాలూ, కాన్పు తరువాత ఒంట్లో వచ్చే మార్పులూ, తాగుడూ, తీరని అప్పులూ, ఇటువంటివి కొన్ని కలిసి జబ్బుకు దారి తీస్తాయి. పిల్లవాడి అల్లరీ, పరీక్ష మార్కులూ ఆ జబ్బును తెచ్చిపెట్టవు. దయ్యాలూ, చేతబడీ అంతకన్నా తేలేవు.

దయ్యమంటే గుర్తుకు వచ్చింది. మా ఉయ్యూరుకు దగ్గర్లోనే ముదునూరు ఉన్నది. అక్కడ 1940లో గోరా గారు నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. గ్రహణం నాడు కడుపుతో ఉన్న స్త్రీ బయట తిరిగితే బిడ్డకు అరిష్టమని జనం భయపడే రోజుల్లో, ఆయన భార్య సరస్వతి గారు కడుపుతో ఉండి కూడా నిర్భయంగా గ్రహణం చూశారు. దేవుణ్ణి నమ్మటం, మానటం ఎవరి ఇష్టం వారిది. కాని భయపెట్టే మాట ఏది విన్నా, ముందు నిజమా కాదా అని చూడటం అందరికీ మంచిదే. మా కుర్రవాడి ఇంట్లో తాయెత్తులకు పోయింది డబ్బు ఒక్కటే కాదు. మందు మొదలుపెట్టవలసిన నెలలు కూడా పోయినవి.

ఇక, జబ్బు చేసినవాళ్ళ చుట్టూ ఉన్నవాళ్ళ సంగతి చూడండి. మనసు జబ్బు ఒక్కరిని పట్టుకుంటుంది. కాని ఇంటిల్లిపాదినీ మార్చివేస్తుంది. ఆ ఇంట్లో నాన్న మాటలాడటం తగ్గించాడు. పనినుంచి వచ్చి చుట్ట కాల్చుకుంటూ గట్టుమీదనే కూర్చునేవాడు. భార్యతో ఏం మాట్లాడాలో ఆయనకు తోచలేదు. నాయనమ్మ కోడలిమీద విసుక్కునేది. తరువాత చాటుగా ఏడిచేది. చెల్లెలికి అమ్మ దగ్గరికి పోవాలనీ ఉండేది, భయమూ వేసేది. కుర్రవాడికి ఒక్కొక్కప్పుడు అమ్మమీద కోపం వచ్చేది. కోపం వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసేది. ఇవన్నీ వాడు తరువాత నాకు చెప్పాడు. అటువంటి ఇంట్లో కోపం రావటం, సిగ్గు వెయ్యటం, విసుగు పుట్టటం పాపం కాదు పిల్లలూ. ప్రేమ పోయిందని దాని అర్థం కాదు. అలిసిపోయారని అర్థం.

ఇటువంటి ఇల్లు ఎక్కడో ఒకటి ఉంటుందని అనుకోకండి. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థవారు 2015-16లో 12 రాష్ట్రాల్లో లెక్క తీశారు. పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా అప్పటికి ఏదో ఒక మానసిక బాధతో ఉన్నట్టు తేలింది. అంటే, మీ వీధిలోనూ ఉండవచ్చు. మీ క్లాసులో ఎవరో ఒకరు ఇవాళ ఇంట్లో గంజి వార్చి వచ్చి, ఆ సంగతి చెప్పకుండా మీ పక్కన కూర్చొని ఉండవచ్చు.

వెనకటి రోజుల్లో ఈ జబ్బు వచ్చినవాళ్ళను ఇంటినుంచి విడదీసి, ఎత్తయిన గోడల మధ్య ఉంచేవారు. చాలామంది మళ్ళీ ఇంటి ముఖం చూసేవారు కాదు. 1952లో పారిస్‌లో డాక్టర్లు క్లోర్‌ప్రోమజీన్ అనే మందు ఈ రోగులకు పనికి వస్తుందని కనిపెట్టారు. అప్పటినుంచి ఎంతోమంది ఆసుపత్రి విడిచి ఇంటికి రాగలిగారు.

అదే దశాబ్దంలో మన దేశంలో ఒక గొప్ప పని జరిగింది. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో విద్యాసాగర్ అనే డాక్టరు ఉండేవారు. రోగులు ఎక్కువ, చోటు తక్కువ. ఆయన ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగితోపాటు ఇంటివాళ్ళను కూడా అక్కడ ఉండమన్నారు. వాళ్ళందరినీ కూర్చోబెట్టుకొని జబ్బును గురించి వివరించేవారు. తోడు ఉన్నందువల్ల రోగికి ధైర్యం కలిగింది. జబ్బు సంగతి తెలిసినందువల్ల ఇంటివాళ్ళకు భయం పోయింది. వెల్లూరులో 1957లో మొదలైన మానసిక ఆరోగ్య కేంద్రంలో కూడా ఇంటివాళ్ళు రోగి దగ్గరే ఉండే పద్ధతి పెట్టారు.

ఇంట్లోవాళ్ళ మాటతీరుకు ఎంత బలం ఉన్నదో లండనులో జార్జి బ్రౌన్ అనే ఆయనా, ఆయన తోటివారూ పరిశోధించి 1972లో ప్రకటించారు. ఆసుపత్రినుంచి ఇంటికి వెళ్ళిన 101 మంది స్కిజోఫ్రీనియా రోగులను తొమ్మిది నెలలపాటు గమనించారు. అస్తమానం తప్పులెన్నటం, కసురుకోవటం, లేదా మరీ ఊపిరాడకుండా పట్టుకొని ఉండటం జరిగే ఇళ్ళల్లో నూటికి 58 మందికి జబ్బు తిరగబెట్టింది. నెమ్మదిగా మసలే ఇళ్ళల్లో నూటికి 16 మందికే తిరగబెట్టింది. తరువాత చండీగఢ్‌లో ఇదే విధంగా చూస్తే, తప్పులెన్నే ఇళ్ళు లండనులో కంటె చాలా తక్కువగా కనిపించినవి.

దీన్ని బట్టి ఇంటివాళ్ళే జబ్బు తెచ్చారని అనుకోకండి. కాలు విరిగినవాడికి మెత్తని దారి ఎంత అవసరమో, మనసు దెబ్బతిన్నవాళ్ళకు మెత్తని మాట అంత అవసరం. దానితోపాటు మందూ కావాలి.

మా కుర్రవాడి ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. నేను వాళ్ళ నాన్నతో మాట్లాడాను. ఆయన ఒకపూట కూలి పోగొట్టుకొని, భార్యను బస్సులో విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ మానసిక వైద్యుడు, ఇది స్కిజోఫ్రీనియా అనే జబ్బనీ, మందులు పనిచెయ్యటానికి కొన్ని వారాలు పడుతుందనీ, తమంతట తాము ఆపవద్దనీ చెప్పాడు. నేను బడిలో ఆ క్లాసుకు వెళ్ళి, "మొన్న నేను సంగతి తెలుసుకోకుండా వీణ్ణి కోప్పడ్డాను. తప్పు నాది," అన్నాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు. వాడి ఇంటి సంగతి చెప్పే హక్కు నాకు లేదు.

వాళ్ళ పక్కింట్లో ఒక పెద్దామె ఉండేది. ఆమె రోజూ సాయంత్రం మల్లెమొగ్గలు ఒళ్ళో పోసుకొని వచ్చి, "అమ్మాయ్, దండ కడదాం రా," అని కూర్చునేది. మొదట్లో జవాబు వచ్చేది కాదు. ఆమె ఒక్కతే కట్టుకొని వెళ్ళిపోయేది. మర్నాడు మళ్ళీ వచ్చేది. నెలా పదిహేను రోజులకు మా కుర్రవాడి తల్లి రెండు మొగ్గలు తీసి దారం మధ్య పెట్టింది.

మరుసటి ఏడు మాఘమాసంలో వీరమ్మ తిరునాళ్ళకు ఆ ఇంటివాళ్ళందరూ కలిసి వెళ్ళారు. ఆమె బాగానే ఉన్నది గదా అని నాయనమ్మ మందులు మానిపించింది. కొన్నాళ్ళకు మళ్ళీ రాత్రిళ్ళు నిద్రపోవటం మానేసింది. ఈసారి ముందు గమనించింది కుర్రవాడే. ఆ రాత్రే వాళ్ళ నాన్నకు చెప్పాడు. పొద్దున్నే నాకూ చెప్పాడు. వెంటనే మళ్ళీ ఆసుపత్రికి తీసుకువెళ్ళారు గనక జబ్బు ముదరలేదు. మొదటిసారి అందరి దగ్గరా దాచినవాడే, రెండోసారి అందరికంటె ముందు చెప్పాడు!

మీ ఇంట్లో గాని, మీ స్నేహితుడి ఇంట్లో గాని ఇటువంటిది ఉంటే, ఈ మాటలు గుర్తుంచుకోండి.

ఆ జబ్బు మీవల్ల రాలేదు. దాన్ని నయం చెయ్యటం మీ పని కాదు. అది డాక్టర్ల పని, పెద్దవాళ్ళ పని. మీ పనల్లా చదువుకోవటం, ఆడుకోవటం, చేతనైనంత ప్రేమగా ఉండటం.

నాకు కూడా వస్తుందా అని భయపడకండి. తల్లికో తండ్రికో స్కిజోఫ్రీనియా ఉన్నప్పటికీ, పదిమంది పిల్లల్లో సుమారు తొమ్మిదిమందికి ఆ జబ్బు రాదు.

వాళ్ళకు వినపడే మాటలు మీకు వినపడకపోతే, "అబద్ధాలాడకు" అని పోట్లాడకండి. "నాకు వినపడటం లేదు అమ్మా, కాని నీకు భయంగా ఉన్నదని తెలుస్తున్నది," అంటే చాలు.

నమ్మకమైన ఒక పెద్దమనిషికి చెప్పండి. పిన్ని కావచ్చు, తాతయ్య కావచ్చు, మాస్టారు కావచ్చు. ఎవరైనా "చచ్చిపోతాను" అన్నా, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నా, ఆ మాట క్షణం కూడా దాచకూడదు. మానసిక జబ్బు ఉన్నవాళ్ళు చాలామంది ఎవరికీ హాని చెయ్యరు. కాని భయం వేసినప్పుడు పక్కింటికి పోవటం తప్పు కాదు. 2022 అక్టోబరు 10న మన దేశంలో టెలీ మానస్ అనే ఫోను సేవ మొదలుపెట్టారు. 14416 నంబరుకు పగలయినా రాత్రయినా ఫోను చేస్తే, తెలుగులోనే మాట్లాడి సలహా చెబుతారు. డబ్బు అక్కరలేదు. ఆపదలో ఉన్న పిల్లలు 1098కి చెయ్యవచ్చు.

రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో పాక అంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టి ఉన్నందువల్ల తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. అటువంటిది ఎక్కడైనా చూస్తే పెద్దవాళ్ళకు చెప్పండి. అట్లాగే "పిచ్చి" అన్న మాటతో ఎవరినీ వెక్కిరించకండి. ఆ ఒక్క మాటకు భయపడే ఒక పిల్లవాడు రెండు వారాలు బడి మానేశాడు.

మూడేళ్ళ తరువాత ఆ కుర్రవాడు పదో తరగతి ప్యాసయ్యాడు. సర్టిఫికెట్లు తీసుకోవటానికి వాళ్ళ అమ్మ కూడా వచ్చింది. జబ్బు పూర్తిగా పోయిందని చెప్పను. మందులు వేసుకుంటూనే ఉన్నది. చెయ్యి కొంచెం వణుకుతున్నది. రిజిస్టరు ఆమె ముందు పెట్టి, సంతకం చెయ్యమన్నాను. కలం పట్టుకొని, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. ఆ అక్షరాలు గుండ్రంగా లేవు. కాస్త కోలగా, ఒక పక్కకు ఒరిగి ఉన్నవి.

కుర్రవాడు ఆ సంతకం వంక చూసి, తరువాత నావంక చూసి నవ్వాడు. నేను రిజిస్టరు వెంటనే మూయలేదు. సిరా ఆరేదాకా అట్లాగే ఉంచాను.